చెల్లె ఊరి ఒడిబియ్యం

నాకు పిచ్చి పట్టిందని జర్మనీలో ఒక ఊరు ఊరంతా ఏడాది పాటు నమ్మింది. ఆ సంగతి కరీంనగర్‌లో మా ఇంట్లో తెలియాల్సినవాళ్లకు తెలుసు, నాకు తప్ప. ఇంత కాలమైంది కదా, మరిచిపోయావా అని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. వాళ్లకు చెప్పినట్టే ఇక్కడా ముందే చెబుతున్నాను. మరిచిపోలేదు. కక్ష తీర్చుకున్నాను. తీర్చుకున్నందుకు నాకు రవ్వంత బాధ కూడా లేదు.

ఎనభైల మొదట్లో మాట. నేను ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. పుట్టింది మంథనిలో, మెట్టింది కరీంనగర్‌లో, భూములూ రైస్ మిల్లూ ఉన్న ఇంట్లో. ఇంటికి పెద్ద మా బావగారు, అంటే మా ఆయనకు అన్న. ఊరి వర్తక సంఘానికి కూడా ఆయనే అధ్యక్షుడు. ఆ ఇంట్లో తమ్ముని భార్య బావ ఎదుట కూర్చోకూడదు, నేరుగా మాట్లాడకూడదు. కాలేజీలో క్లాసు నిండా పిల్లల ముందు గొంతెత్తి పాఠం చెప్పి వచ్చిన నేను, ఇంటి గడప దాటగానే తలుపు చాటుకు పోవాలి. ఆయనకు నాతో పనిబడితే మా ఆయన్ని పిలిచి, "గామెను అడుగు" అనేవాడు. నేను ఆ తలుపు వెనకే ఉండి అంతా వింటూనే ఉండేదాన్ని. అయినా మా ఆయన లోపలికి వచ్చి ఆ మాట నాకు మళ్లీ చెప్పేవాడు. నా జవాబు మళ్లీ ఆయనే మోసుకుపోయేవాడు. మిల్లు ఆఫీసులో అన్నదమ్ములు ఏం మాట్లాడుకున్నారో మాత్రం మా ఆయన చెప్పినంతే నాకు తెలిసేది. పెళ్లయిన కొత్తలో నవ్వుకునేదాన్ని, ఇంట్లోనే ఒక దుబాసీ ఉన్నాడని.

మందమర్రి గనుల్లో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక జర్మనీ ఇంజనీరు, కరీంనగర్‌లో వెండి తీగతో అల్లిన అత్తరుదాని ఒకటి కొనుక్కుపోయాడు. దాన్ని తమ ఊరి మేయరమ్మకు బహుమతిగా ఇచ్చాడు. ఆమె అది చూసి ముచ్చటపడి, మీ ఊరూ మా ఊరూ అక్కచెల్లెళ్లలా ఉందాం, మీ పనితనం మాకు పంపండి, మాది మీకు పంపుతాం అని వర్తక సంఘానికి ఉత్తరం రాసింది. సంఘంలో ఆ ఉత్తరం చేతులు మారింది గానీ జవాబు రాసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చివరికి అది మా ఇంటికి వచ్చింది.

"గామెను జర జవాబు రాయుమను," అన్నాడు బావగారు. మా ఆయన ఆ మాట మోసుకొచ్చాడు. అట్లా మొదలైంది.

రాశాను. వెండిని తీగగా ఎట్లా సాగదీస్తారో రాశాను. బతుకమ్మను ఏ పువ్వుతో ఎట్లా పేరుస్తామో రాశాను. మంథని దగ్గర గోదావరి ఎండాకాలంలో ఎట్లుంటుందో, వానాకాలంలో ఎట్లుంటుందో రాశాను. మేయరమ్మ తమ ఊరి మంచు గురించీ, గాజు కరిగించే కొలుముల గురించీ రాసేది. ఆ ఊళ్లో చేసిన రంగు గాజుపూసలు పార్సిల్‌లో వచ్చాయి. వాటిని మా వెండి పనివాళ్లు తీగలో పొదిగి కమ్మలు చేశారు. అవి అక్కడ క్రిస్మస్ అంగడిలో అమ్ముడుపోయాయట, ఇంకా పంపమన్నారు. మా కాలేజీ పిల్లల బొమ్మలు అక్కడి బడి గోడలకెక్కాయి. ఆ ఊరి పేరు పలకడానికి మాలో ఎవరికీ నోరు తిరగలేదు, అందరం దాన్ని "చెల్లె ఊరు" అనేవాళ్లం. వెండి పనివాళ్ల వాడలో ఆడవాళ్లు నన్ను ఆపి, చెల్లె ఊరి నుంచి జాబు వచ్చిందా అని అడిగేవారు. మా బావగారు మాత్రం సభల్లో "నేను ఒక దేశంతోని దోస్తానా కట్టిన" అని చెప్పుకునేవాడు. చెప్పుకోనీ అనుకున్నాను. రాసేది నేనని అందుకునేవాళ్లకు తెలుసు కదా, అది చాలనుకున్నాను.

తర్వాత పిలుపు వచ్చింది. కరీంనగర్ నుంచి నలుగురు రావాలి, ఖర్చులు వాళ్లవే. అందరికన్నా ముందు నేను రావాలని మేయరమ్మ రాసింది. నేను ఆ కాగితం పట్టుకుని వంటింట్లో నిలబడి ఏడ్చాను, సంతోషంతోనే. మంథని నుంచి బస్సులో పెద్దపల్లి దాకా వస్తేనే ఊరు దాటినట్టు లెక్క మా అవ్వకు. అట్లాంటి ఇంట్లో పుట్టినదాన్ని. ఆ ఊరిని నేను చూడాలి, ఆమె ముందు కూర్చుని మాట్లాడాలి. నాకు అంతకన్నా పెద్ద కోరిక అప్పటికీ లేదు, ఆ తర్వాతా రాలేదు.

మా ఆయన కూడా ఎంత సంబరపడ్డాడని! పాస్‌పోర్టు పని నేను చూసుకుంటానన్నాడు, కాగితాల మీద సంతకాలు చేయించుకుని హైదరాబాద్ పోయాడు. వస్తూ నాకు ఉన్ని స్వెట్టర్ కూడా తెచ్చాడు. కరీంనగర్ ఎండల్లో దాన్ని ఒంటికి పెట్టి చూసుకుని ఇద్దరం నవ్వుకున్నాం. ప్రయాణం దగ్గరపడింది. అందరి పాస్‌పోర్టులూ వచ్చాయి. నాది రాలేదు. "నేనేం జేయాలె, ఆఫీసోళ్లు ఇయ్యాల రేపు అంటుండ్రు," అని మా ఆయన తల పట్టుకున్నాడు. నేనే ఆయన్ని ఊరడించాను. బావగారూ, నా బదులు కాస్త ఇంగ్లీషు వచ్చిన ఆయన అల్లుడూ, ఇద్దరు వ్యాపారులూ పోయారు. వాళ్ల పెట్టెల్లో బహుమతులు నా చేతులతోనే సర్దాను.

వాళ్లు తిరిగొచ్చాక నాకు ఉత్తరాలు ఆగిపోయాయి. జాబులన్నీ అల్లుని పేరుకు వచ్చేవి. నేను రాసినవి పోస్టులో వేయించాల్సింది మా ఆయనే. వాటికి జవాబు లేదు. పెద్దింటి దొరసాని, చూడవచ్చినవాళ్లను చూసుకుంది, నన్ను మరిచింది అనుకున్నాను. మనసు విరిగి రాయడం మానేశాను. అనవసరంగా ఆమెను ఎన్ని మాటలనుకున్నానో.

మరుసటి ఏడు వాళ్లు మా ఊరికి వచ్చారు. మేయరమ్మతో పాటు మరికొందరు. మొదటి రోజు పొద్దున మా ఇంట్లో ఫలహారం. మగవాళ్లు హాల్లో ఉన్నారు. లోపలి గదిలో నేను నా పేరు చెప్పి చాయ్ కప్పు అందించబోతే మేయరమ్మ గబుక్కున లేచి, ఆ వేడి కప్పు నా చేతిలోంచి మెల్లగా తీసుకుని పక్కన పెట్టింది. నా రెండు చేతులూ పట్టుకుంది. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు ఒక్కొక్క మాటా విడదీసి, ఎట్లా ఉన్నారు, ఇవాళ మిమ్మల్ని బయటికి రానిచ్చారా అని అడిగింది.

నాకేమైందని రానివ్వకుండా ఉంటారు అన్నాను. ఆమె నా కళ్లలోకి చూసింది. నా ఇంగ్లీషు విన్నది. చేతులు వదిలేసి, గొంతు తగ్గించి చెప్పింది. నిరుడు మా వాళ్లు పోయినప్పుడు, ఆమె మొట్టమొదట అడిగిన మాట నేనెందుకు రాలేదనే. దానికి బావగారు అల్లునితో చెప్పించాడట, ఆమెకు మతి చెడింది, ఉత్తరాలు రాసీ రాసీ ఇంకా ముదిరింది, దయచేసి ఆమెకు రాయకండి అని. ఆ ఊళ్లో నా ఉత్తరాలు చదివినవాళ్లంతా బాధపడ్డారట. నా కోసం చర్చిలో ప్రార్థన కూడా చేశారట.

నాకు ఒళ్లంతా మంట లేచింది. దేవుడి ముందు నన్ను పిచ్చిదాన్ని చేసి నిలబెట్టారు కదా! ఇడ్లీ పళ్లెం ఎత్తి హాల్లో కూర్చున్న బావగారి తలకాయ మీద బోర్లించాలనిపించింది. కానీ అట్లా చేస్తే, చూశారా పిచ్చిది అనేవాడు. ఆ మాట ఒకసారి మన మీద వేశాక కోపం తెచ్చుకునే హక్కు కూడా పోతుంది. అది తెలిసే ఆ మాటను ఎంచుకున్నారు.

మధ్యాహ్నం మా ఆయనకు చెప్పాను. ఆయన నోరు తెరిచి నిలబడ్డాడు. "అన్న గంత పని జేసిండా?" అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. మెహమాన్లు పోయినంక అన్నతో తనే మాట్లాడతానన్నాడు, అప్పటిదాకా జర ఓపిక పట్టమన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి నాకు కొంచెం బలమొచ్చింది. నా తరపున ఒక్కడన్నా ఉన్నాడనుకున్నాను.

ఓపిక మాత్రం పట్టదలచుకోలేదు. సాయంత్రం టౌన్‌హాల్లో పెద్ద సభ. మేయరమ్మకు అక్కడ ఒడిబియ్యం పోయాలని బావగారి ఆలోచన. చెల్లె ఊరి పెద్ద అంటే మన ఆడబిడ్డే కదా, ఆడబిడ్డను ఒట్టి ఒడితో పంపుతామా అని పత్రికలవాళ్లను కూడా పిలిపించాడు. పెళ్లయిన ఆడబిడ్డ పుట్టింటికి వస్తే పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ ఒడిలో పోసి పంపడం మా వైపు అందరిళ్లలో ఉన్నదే. మా అత్తగారింట్లో ఇంకొక ఆనవాయితీ ఉంది. బియ్యం ఒడిలో పడ్డాక ఇంటి పెద్దన్న, ఏం కావాలె చెల్లే అని అడగాలి. ఆమె లేవకముందే అది ఇచ్చుకోవాలి. మా పెద్దాడబిడ్డ ఒకసారి పాడి బర్రెను అడిగింది, ఇంకోసారి మిల్లు పక్కన జాగా అడిగింది. రెండూ ఇచ్చాడు. ఇచ్చానని ఊరంతా చెప్పుకున్నాడు కూడా. సభలో కూడా మైకు పెట్టి అడుగుతానన్నాడు. ఏమడుగుతుంది లే, తెల్లామె, మీ ప్రేమ చాలంటుంది, చప్పట్లు పడతాయి అని ఆయన ధీమా.

మేయరమ్మకు చీర కట్టే పని ఆడవాళ్లది కనుక నాకు పడింది. లోపలి గదిలో కుచ్చిళ్లు పోస్తూ ఆమెకు ఆ ఆనవాయితీ మొత్తం చెప్పాను. ఆమె వెంటనే, అయితే నిన్ను మా ఊరికి పంపమని అడుగుతాను అంది. వద్దన్నాను. పంపుతానని మైకులో అని, తర్వాత మళ్లీ ఏదో ఒక అడ్డం వేస్తారు. ఏమడగాలో చెప్పాను. ఆమె వెనక్కు జంకింది. అతిథిగా వచ్చి ఇంటాయన్ని సభలో అట్లా అడగడం తప్పు కాదా అంది. ఒడిలో బియ్యం పడ్డాక మీరు అతిథి కాదు, ఆ ఇంటి ఆడబిడ్డ, ఆడబిడ్డకు అడిగే హక్కుంది అన్నాను. ఆమె కొంగు సరిచేసుకుంది. తర్వాత, సరే, నీ కోసం నేను ప్రార్థన చేసినదాన్ని కదా, అడుగుతానంది.

సభ నిండిపోయింది. ముందు జంపఖానాల మీద వెండి పనివాళ్లు, వెనక కుర్చీల్లో మిల్లుల వాళ్లు, ఆఫీసర్లు. వేదిక మీద పీట వేసి మేయరమ్మను కూర్చోబెట్టారు. మా అత్తమ్మ మొదటి దోసిలి పోసింది. ముత్తయిదువలందరం పోశాం. మా ఆయన కుడుకల పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. బావగారు మైకు అందుకుని, ఇది మా ఇంటి ఆచారం, ఇయ్యాల మొత్తం కరీంనగర్ ఆచారం అని ఒక ఉపన్యాసం ఇచ్చి, ఆమె వైపు తిరిగి అడిగాడు.

"ఏం కావాలె చెల్లే? నోరు తెరిచి అడుగు. మా ఇంట్ల లేదన్న మాట లేదు."

మేయరమ్మ ఇంగ్లీషులో అడిగింది. స్పష్టంగా, గట్టిగా. అల్లుడికి దుబాసీ పని. వాడికి అర్థం కాలేదో, అర్థమై చెప్పడానికి నోరు రాలేదో, "మీ ప్రేమే చాలంటుంది" అనేశాడు. సభంతా చప్పట్లు. ఆమె చప్పట్లు ఆగేదాకా ఆగింది. తల అడ్డంగా ఊపింది. నా వైపు వేలు చూపింది.

నేను మైకు దగ్గరికి నడిచాను. అన్నేండ్లలో బావగారి ఎదుట మొగం ఎత్తి నిలబడింది అదే మొదటిసారి. ఆయన మొగం చూస్తూనే చెప్పాను.

"ఆడబిడ్డ అడుగుతుంది. మీ మరదలికి మతి చెడ్డదని మా ఊరికొచ్చి చెప్పినవు. అది నిజమా, అబద్ధమా? నాకు ఇంకేం వద్దు, గీ ఒక్క మాట గీడనే చెప్పమంటుంది."

బావగారు నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, పత్రికలవాళ్ల వైపు చూశాడు. ఆనాడు ఆయన మొగం చూడ్డానికి నేను టికెట్ కొని అయినా వచ్చేదాన్ని. నవ్వి తప్పించుకోబోయాడు. మా అత్తమ్మ అడ్డుపడింది. ఆమెకు నా మీద ప్రేమ ఏమీ లేదు, ఆచారం తప్పడం మాత్రం పడదు.

"ఒళ్లె బియ్యం పడ్డయి. ఆడబిడ్డ లేవకముందే ఇయ్యాలె. చెప్పు," అంది.

"అబద్ధం," అన్నాడు మైకులో. "మా మరదలు మంచిగనే ఉన్నది."

వెండి పనివాళ్లు ముందుగా చప్పట్లు కొట్టారు. నాకు గుండె నిండిపోయింది. అక్కడితో అయిపోయినా నాకు చాలు. కానీ ఆయనకు చాలలేదు. మైకును చేత్తో మూసి, పక్కనున్న మాకు మాత్రమే వినబడేట్టు అత్తమ్మతో అన్నాడు.

"నేను కల్పిచ్చిన మాట గాదమ్మా. ఆమెను ఎట్ల ఆపుదామురా అని అడిగితే, మతి చెడ్డదని చెప్పు అన్నా, మళ్ల ఎన్నడు అడుగరు అని నా చెవుల ఏసింది మా తమ్ముడే."

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన కుడుకల పళ్లెంలోకి తల దించుకున్నాడు. అబద్ధమని అనలేదు. తెలిసిపోయింది. మధ్యాహ్నం నా భుజం మీద పడ్డ చెయ్యి, ఆ కన్నీళ్లు, ఆ స్వెట్టర్, ఆఫీసోళ్లు ఇయ్యని పాస్‌పోర్టు, అన్నీ ఒక్కసారే తెలిసిపోయాయి. బావగారు చేసింది పెత్తనం. ఈయన చేసింది నమ్మించి గొంతు కోయడం.

మేయరమ్మ పీట మీద నుంచే, రెండో మాట ఏమన్నాడని అడిగింది. మా ఆయన నన్నే చూస్తూ, కొంచెంగా, ఎవరికీ కనబడకుండా తల ఊపాడు, వద్దని. నేను బావగారి చేయి మైకు మీద నుంచి తీశాను. ఆయన అన్న మాటను మొదట ఇంగ్లీషులో చెప్పాను, తర్వాత ఆయన అన్నది అన్నట్టుగా తెలుగులో చెప్పాను. ఒక్క మాట వదలలేదు, ఒక్క మాట కలపలేదు. ఆయన తమ్ముడంటే ఎవరో సభలో అందరికీ తెలుసు.

ఇంటికి వచ్చాక ఒకే ఒక్క ప్రశ్న అడిగాను, పాస్‌పోర్టుకు ఎన్నడు పెట్టినవని. "పెట్టలే," అన్నాడు. "నువ్వు గా ఊరు చూసినంక గీ ఇంట్ల ఇముడుతవా అని భయమైంది." పోవద్దని నా మొగం మీద చెప్పొచ్చు కదా! కొట్లాడేదాన్ని, ఓడిపోయేదాన్నేమో, అయినా అది మొగుడూ పెండ్లాల కొట్లాట అయ్యేది. ఆ మాటలు కూడా నేను ఆయనతో అనలేదు. ఆ రాత్రి నుంచి మా ఆయనతో మాట్లాడటం మానేశాను.

ఇల్లు వదిలి పోలేదు. పోతే పిచ్చిది పోయిందనేవాళ్లు. అదే ఇంట్లో ఉండి అన్నం వండి పెట్టాను. మా ఆయనకు చెప్పాల్సింది ఏదన్నా ఉంటే తలుపు చాటు నుంచి బయటికి వచ్చి నేరుగా బావగారికి చెప్పేదాన్ని. "మీ తమ్మునికి చెప్పుండ్రి, మా బిడ్డ స్కూలు ఫీజు కట్టాలెనని." "మీ తమ్మునికి చెప్పుండ్రి, రేపు నేను కాలేజీ నుంచి ఆలస్యంగ వస్తనని." వర్తక సంఘం అధ్యక్షుడు, ఆ పెద్ద మనిషి, తమ్ముని గదికి పోయి నా మాట చెప్పి జవాబు మోసుకొచ్చేవాడు. మొదట్లో గొణిగేవాడు. అత్తమ్మ ఒక చూపు చూసేది. సభ తర్వాత ఆమె ముందు ఆయన నోరు లేవలేదు. ఆ అన్నదమ్ములిద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకోలేక నా మాటలు అప్పజెప్పుకుంటుంటే విని, ఎన్నో రాత్రులు హాయిగా నిద్రపోయాను.

మేయరమ్మ ఆ బియ్యం వాళ్ల ఊరికి తీసుకుపోయి వండి, ఇరుగుపొరుగును పిలిచి పెట్టిందట. ఉత్తరాలు మళ్లీ నా పేరుకు వచ్చాయి, కాలేజీ చిరునామాకు. వెండి కమ్మలు ఇంకొన్నేండ్లు పోయాయి. మరుసటి ఏడు నేను కూడా పోయాను, ఇద్దరు వెండి పనివాళ్లతో కలిసి, పాస్‌పోర్టు నేనే తెచ్చుకుని. ఆ చర్చిలో నన్ను చూసిన ఆడవాళ్లు వచ్చి కావలించుకున్నారు. అక్కడ కూడా నాకు మా ఆయన మీద కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఇంత చక్కని ఊరిని నాకు దక్కనివ్వకుండా చేయాలనుకున్నాడు కదా అని.

తొంభైల్లో మా ఆయనకు కడుపులో ఆపరేషన్ అయింది, హైదరాబాద్‌లో. లోపలికి తీసుకుపోయే ముందు బావగారు వార్డులోంచి నా దగ్గరికి వచ్చాడు. ముసలివాడయ్యాడు, మెట్లు ఎక్కి దిగి ఆయాసపడుతున్నాడు. "నన్ను మాఫ్ చేసిందా అని అడుగుతుండు," అన్నాడు. నేను ఆలోచించలేదు. "లేదని చెప్పుండ్రి," అన్నాను. ఆయన లోపలికి పోయాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు మెలకువ వచ్చాక నన్ను లోపలికి పిలిచారు. మా ఆయన నన్ను చూసి నవ్వాడు. పెళ్లయిన కొత్తలో నవ్వినట్టు, మనసారా. కళ్లు తుడుచుకుంటూ నా చేతి కోసం చెయ్యి చాపాడు. బావగారు కిటికీ వైపు చూస్తున్నాడు. ఆయన ఏం చెప్పాడో నాకు అర్థమైంది. ఆ అన్నదమ్ములకు నా మాట మార్చి చెప్పే జబ్బు ఇంకా పోలేదు.

మంచం దగ్గరికి పోయాను. అన్నేండ్ల తర్వాత మొదటిసారి మా ఆయనతో నేనే నేరుగా మాట్లాడాను.

"లేదని చెప్పిన," అన్నాను.